పుల్లమ్మ పిలుపు వినపడని ఇరవై ఒక్క గదులు

అనగనగా, అంటే మీ అమ్మ పుట్టకముందు, నేను పుట్టకముందు, నాకీ కథ చెప్పిన మా నాయనమ్మ కూడా పుట్టకముందు, ఒక ఊళ్ళో ఒక నేతవాళ్ళ ఇల్లుండేది. ఇల్లంటే ఎంత? రెండు గదులు. ముందు గదిలో మగ్గం, వెనక గదిలో పొయ్యి. మరి మంచాలెక్కడ వేసుకునేవాళ్ళు అంటావా శేషూ? మంచాలెక్కడివిరా, చాపలే. ఆ రెండు గదుల్లో నలుగురు మనుషులు. మామ పేరు పానకాలు, అత్త పేరు పుల్లమ్మ, కొడుకు నాంచారయ్య, కోడలు వరాలు. ఈ కథ వరాలుది.

నాంచారయ్య గుంటలో కాళ్ళు పెట్టుకుని మగ్గం ముందు కూచునేవాడు. పక్కనే పుల్లమ్మ రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది. కండె అంటే నూలు చుట్టిన చిన్న పుల్ల. అది అయిపోతే ఇంకోటి పెట్టాలి, లేకపోతే నేత ఆగిపోతుంది. నాంచారయ్య చెయ్యి చాస్తే కండె, మెడ తిప్పితే మజ్జిగ, గొణిగితే పెళ్ళాం. పోగు తెగితే మగ్గం చప్పుడు మారేది. చప్పుడు మారగానే పొయ్యి దగ్గర వరాలు తల ఎత్తేది, అరుగు మీద పానకాలు తల తిప్పేవాడు, పుల్లమ్మ రాట్నం ఆపేది. నాలుగు జతల కళ్ళు ఒక్క పోగు మీద. అందుకే వాళ్ళ బట్టలో ముడి అనేది చేతికి తగిలేది కాదు.

అయినా పుల్లమ్మకి ఆ ఇల్లంటే గిట్టదు. కాళ్ళు చాపుకుంటే గోడ తగులుతోంది, చేతులు చాపుకుంటే కోడలు తగులుతోంది, ఇది ఇల్లా కోళ్ళగంపా అని రోజూ సణుగుడే. వరాలు మాత్రం తక్కువ తిందా? మొగుడితో నవ్వుతూ ఒక మాట అందామంటే చాలు, అవతలి నుంచి అత్తగారి దగ్గు. ఆ దగ్గు వినపడిందంటే మాట మింగెయ్యాల్సిందే. అందుకని ఆ పిల్ల పొద్దున్నే స్నానం చేసి, సామీ, మాకో పెద్ద ఇల్లు ఇప్పించు, ఈవిడ దగ్గు నా చెవిన పడనంత పెద్దది అని దణ్ణం పెట్టుకునేది.

ఊ కొడుతున్నారా? కొట్టండి మరి. ఊ లేకపోతే వరాలు దణ్ణం పెట్టుకుంటూ అక్కడే ఉండిపోతుంది.

ఇలా ఉండగా నాంచారయ్య నేసిన పంచె ఒకటి ఆ చేతా ఈ చేతా మారి రాజుగారికి చేరింది. రాజు దాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళతో తడిమాడు. ముడి తగల్లేదు. మంత్రి తడిమాడు, తగల్లేదు. సేనాపతి తడిమాడు, తగల్లేదు. కళ్ళు కనపడని ముసలి పురోహితుణ్ణి పిలిచి తడిమించారు, ఆయనకీ తగల్లేదు. ఇంతటి పనివాడు రెండు గదుల్లో కాపరం చేస్తున్నాడా అని తెగ నొచ్చుకుని, ఊరికి ఉత్తరాన ఖాళీగా పడున్న లోగిలి ఒకటి వాళ్ళకి ఇచ్చేశాడు. ఇరవై ఒక్క గదులు.

రాజు మంచివాడే. కాకపోతే ఒక మొండి అలవాటు ఉంది. తను ఇచ్చింది ఎవరైనా వెనక్కి తెచ్చిస్తే, తెచ్చిన చెయ్యి తీయించేవాడు. ఒక పూజారికి గుర్రాన్నిస్తే, పాపం మేపలేక తిరిగి తోలుకొచ్చాడట. ఆయన అప్పట్నించీ ఎడంచేత్తోనే గంట కొడుతున్నాడు. నిజంగానా అంటావేంటే చిన్నమ్మడూ, కథలో అబద్ధాలుంటాయా?

సరే, నలుగురూ మూటా ముల్లే మోసుకుని కొత్తింటికి వెళ్ళారు. వరాలు సింహద్వారం దాటి అలా నిలబడిపోయింది. గది దాటితే గది, ఆ గది దాటితే వసారా, వసారా దాటితే మళ్ళీ గది, ఆ గదికి మూడు తలుపులు, ఏ తలుపు తీసినా ఇంకో గది. తిరిగి తిరిగి బయల్దేరిన చోటికి వచ్చి, ఇది బయల్దేరిన చోటేనని తెలియక మళ్ళీ బయల్దేరింది. పుల్లమ్మ అయితే ఉత్తరపు గదిలో నేల మీద పడుకుని కాళ్ళూ చేతులూ బారజాపి చూసుకుంది. ఎటు చాపినా ఏమీ తగల్లేదు. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో ఆవిడ మొహాన అంత నవ్వు ఎవరూ చూళ్ళేదు.

తలా ఒక దిక్కు పంచుకున్నారు. మగ్గం తూర్పున పెట్టారు, అక్కడ వెలుగు బాగుంటుందని. పానకాలు పడమటి వసారాలో పడక వేశాడు, గాలి బాగుంటుందని. పుల్లమ్మ రాట్నం ఉత్తరాన, వరాలు పొయ్యి దక్షిణాన. ఇంక చూడండి తమాషా. నాంచారయ్య చెయ్యి చాపితే కండె రాదు. లేచి, ఆరు గదులు దాటి వెళ్ళి, అమ్మా కండె అంటే, ఆవిడ ఇచ్చేది. మళ్ళీ ఆరు గదులు వెనక్కి. వరాలు శుక్రవారం పొద్దున గడపలకి పసుపు రాయడం మొదలెడితే శనివారం మధ్యాహ్నానికి అయ్యేది. ఇదివరకు నలుగురూ పొయ్యి ముందు కూచుని ఒక్కసారే తినేవాళ్ళు. ఇప్పుడు పిలిస్తే వినపడదు. వండి మూత పెడితే, ఎవరికి ఆకలేసినప్పుడు వాళ్ళొచ్చి తిని పోయేవాళ్ళు. పుల్లమ్మ అయితే అందరూ తిన్నాకే వచ్చేది. తనకి ఒక కంచం ఉంది, తనే వడ్డించుకుని, తనే కడుక్కుని, తనే బోర్లించుకుంటుంది.

అయినా వరాలుకి బాగానే ఉంది. ఎందుకంటే దగ్గు వినపడ్డం లేదుగా.

ఇక్కడ నేతవాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. వాళ్ళకి ఎలకంటే ప్రాణభయం. ఒక్క ఎలక నూల్లో దూరిందంటే నెల రోజుల కష్టం ముక్కలు ముక్కలు. అందుకని నూలు పెట్టె మూత తెరిచి కనపడితే, ఎవరు చూస్తే వాళ్ళు మూసి గొళ్ళెం వెయ్యాలి. ఎవరు తీశారు, ఎందుకు తీశారు అని అడగక్కర్లేదు. చిన్నింట్లో పెట్టె కళ్ళ ముందే ఉండేది. కొత్తింట్లో ఉత్తరపు వసారా చివర ఒక గదికి గదే నూలుకి ఇచ్చేశారు. దానికి ఇంత లావు టేకు తలుపు, బయట ఇనప గొలుసు.

ఒక మంగళవారం పొద్దున వరాలు చీపురు పట్టుకుని అటు వెళుతుంటే నూలుగది తలుపు ఓరగా తీసి ఉంది. పిల్ల ఆగను కూడా ఆగలేదు. నడుస్తూ నడుస్తూనే తలుపు లాగింది, గొలుసు తగిలించింది, వెళ్ళిపోయింది. చెయ్యి దానంతట అదే చేసేసింది.

మధ్యాహ్నం అత్తగారు కనపడలేదు. తినేసి వెళ్ళుంటుంది అనుకుంది. సాయంత్రమూ కనపడలేదు. మామగారిని అడిగితే, మీ అత్తకేం, తూర్పున కొడుకు దగ్గరుంటుంది అన్నాడు. తూర్పుకెళ్ళి మొగుణ్ణి అడిగితే, అమ్మేగా, ఉత్తరాన రాట్నం దగ్గరుంటుంది అన్నాడు. మరి కండెలు ఎవరిచ్చారు అంటే, నిన్న చుట్టినవి ఇంకా గంపెడున్నాయి అన్నాడు. ఉత్తరానికెళ్తే రాట్నం ఉంది, మనిషి లేదు. అయితే పడమట మామ దగ్గరకి వెళ్ళుంటుంది అనుకుని వరాలు వంటింటికి వచ్చేసింది. చూశారా? మామ తూర్పంటాడు, తూర్పు ఉత్తరమంటుంది, ఉత్తరం పడమరంటుంది, ఎవరి మటుకు వాళ్ళకి పుల్లమ్మ ఉన్నట్టే.

ఆ రోజంతా ఎక్కడో ధబ్ ధబ్ మని చప్పుడు. నాంచారయ్య, పెళ్ళాం దంచుతోంది అనుకున్నాడు. వరాలు, మొగుడు నేస్తున్నాడు అనుకుంది. పానకాలు ఒక్కడికే అనుమానం వచ్చింది. వచ్చి ఏమన్నాడో తెలుసా? "అమ్మాయ్, ఉత్తరం వేపు దయ్యం ఉందే. పొద్దుట్నుంచీ గోడలు బాదుతోంది. ఇన్నేళ్ళు ఈ ఇల్లు ఎందుకు ఖాళీగా ఉందో ఇప్పుడు తెలిసింది."

"మరి అత్తయ్యగారు అటే ఉంటారు కదా మామయ్యా?"

"మీ అత్తకి దయ్యం అడ్డమొస్తుందా? దయ్యానికే ఏదైనా అయితే అవ్వాలి. నువ్వు మాత్రం అటు వెళ్ళకు. వేపమండ ఒకటి కట్టి వచ్చెయ్."

వరాలు వేపమండ తెచ్చి ఉత్తరపు వసారా మొదట్లో కట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. ఊ అనండర్రా, ఎందుకు దగ్గరకి జరుగుతున్నారు? ఇంకా దయ్యం రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం. వరాలు కంచాలు కడుగుతోంది. మామగారిది, మొగుడిది, తనది. మూడు. కడిగి బోర్లిద్దామని చూస్తే అత్తగారి కంచం అప్పటికే గోడవార బోర్లించి ఉంది. సరే అనుకుని పక్కకి జరపబోయింది. వేలికి దుమ్ము అంటింది. కంచం మీద దుమ్ము. ఎత్తి చూస్తే కింద నేల పొడిగా ఉంది, దాని అంచుకీ గోడకీ మధ్య సాలీడు గూడు కట్టుకుంటోంది.

పిల్ల చేతిలో కంచం అలాగే ఉండిపోయింది. ఒక పూట తినని మనిషి కంచం కాదు అది. సోమవారం రాత్రి నుంచి ఎవరూ ముట్టుకోని కంచం. నలుగురున్న ఇంట్లో ఒక మనిషి రెండు రోజులుగా తిండి తినలేదు. ఆ సంగతి మొగుడికి తెలీదు, కొడుకుకి తెలీదు, కోడలికి తెలీదు. ముందు సాలీడుకి తెలిసింది.

అప్పుడు పరుగు. గది దాటి గది, వసారా దాటి గది, అత్తయ్యా అని ఒక పిలుపు, ఆ పిలుపే గోడకి తగిలి వెనక్కి రావడం. ఇరవై గదులూ చూసింది, లేదు. వేపమండ దగ్గరకి వచ్చి ఆగింది. ధబ్ ధబ్ మన్న చప్పుడు ఇప్పుడు లేదు. దయ్యమైతే అలిసిపోదు కదా అని ఒక ఆలోచన వచ్చింది. వేపమండ తోసుకుని వసారా చివరికి వెళ్ళింది. నూలుగది. బయట గొలుసు తగిలించి ఉంది.

చీపురు, ఓరగా తలుపు, గొలుసు. తన చెయ్యే. వరాలు ఆ చేతి వంక చూసుకుంది, ఎవరిదో పరాయి చెయ్యి చూసినట్టు.

గొలుసు తీస్తే, లోపల చిలపలుగా కట్టిన నూలు గుట్ట మీద పుల్లమ్మ కూచుని ఉంది. బతికే ఉందర్రా, భయపడకండి. నూలుకి పట్టించడానికి కాచిపెట్టిన గంజి ఒక కుండలో ఉంటే, అది పులిసిపోయినా అదే తాగి ప్రాణం నిలబెట్టుకుంది. తలుపు బాది బాది అరచేతులు పగిలిపోయాయి. గొంతు పోయింది. వరాలు కళ్ళు మూసుకుని, తిడుతుంది, తిట్టాలి, తిట్టనీ అని నిలబడింది. పుల్లమ్మ తిట్టలేదు. పీలగొంతుతో ఒక్కటే చెప్పింది. నిన్న పొద్దున కొడుకుని పిలిచిందట, పలకలేదు. మొగుణ్ణి పిలిచిందట, పలకలేదు. తర్వాత వాళ్ళని పిలవడం మానేసి కోడల్ని పిలిచిందట. "నీకు నా దగ్గు వినపడుతుందిగా, అందుకని. దగ్గి కూడా చూశానే."

ఆ మాటకి వరాలు కూలబడిపోయింది. అత్త ఒళ్ళో తలపెట్టి ఏడ్చిందో, అత్తనే ఒళ్ళోకి తీసుకుని ఏడ్చిందో, చెప్పినవాళ్ళు సరిగ్గా చెప్పలేదు.

ఇంక ఆ ఇంట్లో ఒక్క పూట కూడా వద్దన్నారు నలుగురూ. కానీ ఎలా? వెనక్కి ఇస్తే చెయ్యి పోతుంది. నాంచారయ్య తాళాల గుత్తి తీసుకుని, నా చెయ్యి పోతే పోయింది, మా అమ్మ ఉంది అని బయల్దేరాడు. పానకాలు గుమ్మంలో అడ్డం కూచుని, నాది ముసలి చెయ్యి, నేను తీసుకెళ్తాను అన్నాడు. నేతవాడికి చెయ్యి పోతే ఇంకేముంది? వరాలు ఇద్దర్నీ కూచోబెట్టింది. మగ్గం మీదున్న చీర కోసి మడతపెట్టింది. ఆ కొత్తింట్లో నేసిన మొదటి చీర అదే. చంకన పెట్టుకుని ఒక్కతే కోటకి వెళ్ళింది.

రాజు చీర అందుకుని వేళ్ళతో తడిమాడు. ఒక ముడి తగిలింది. మళ్ళీ తడిమాడు, ఇంకోటి. మంత్రికి తగిలాయి, సేనాపతికి తగిలాయి. పురోహితుడైతే పదకొండు లెక్కపెట్టి ఆపేశాడు. రాజు నివ్వెరపోయి, ఇరవై ఒక్క గదులిస్తే పని నేర్చుకున్నది ఇదా అన్నాడు.

వరాలు తల వంచుకుని, "చీర తమరికి కాదు బాబయ్యా, తమరి తల్లిగారు పెద్ద రాణమ్మగారికి. ముళ్ళున్నాయో లేవో కట్టుకునే ఆవిడ చెప్పాలి. ఆవిడ చేతికి నేనే ఇస్తాను. ఆవిడ బాగాలేదంటే ఏ శిక్షయినా వెయ్యండి" అంది. పిల్ల గుండెలో ఉన్న ఆశ ఒక్కటే. ఇంత కోటలో తల్లి ఎక్కడుందో ఈయనకి చప్పున తెలియదు, ఓ ఘడియ వెతికిస్తాడు, ఆ వెతుకులాటలో తన బాధ ఆయనకి తెలిసొస్తుంది. అంతే అనుకుంది. అంతకు మించి ఏమవుతుందో దానికీ తెలీదు.

రాజు, అమ్మగారిని పిలవండి అన్నాడు. మంత్రి, అద్దాల మేడలో ఉంటారు అన్నాడు. అద్దాల మేడ దాసి, ముత్యాల గదికి మారారు కదా అంది. ముత్యాల గది దాసి, అక్కడ ఉక్కగా ఉందని చలవ గదికి వెళ్ళారుగా అంది. వంటవాణ్ణి పిలిస్తే, రోజూ రెండు పూటలా పళ్ళెం పంపిస్తున్నాను ప్రభూ, ఖాళీగా తిరిగొస్తోంది అన్నాడు. పళ్ళెం మోసేవాణ్ణి పిలిస్తే, లోపలికి వెళ్ళొద్దని తమరి ఆజ్ఞ కదా, గుమ్మంలో పెట్టి వస్తాను, తర్వాత ఖాళీది తెస్తాను అన్నాడు.

రాజే లేచాడు. వెనక మంత్రి, వెనక సేనాపతి, వెనక చీర పట్టుకుని వరాలు. పదిహేడు తలుపులు దాటారు. చలవ గది తలుపు తోశారు. హంసతూలికా తల్పం మీద గుమ్మడికాయంత పిల్లి ఒకటి పడుకుని ఉంది. రెండు పూటలా రాజభోజనం తిని కదల్లేకపోతోంది. ఒక కన్ను తెరిచి, ఎవరు మీరు అన్నట్టు రాజుని చూసి, మళ్ళీ మూసుకుంది. గదిలో ఇంకెవరూ లేరు. పక్క మీద దుప్పటి మడత విప్పలేదు. అద్దం మీద వేలెడు దుమ్ము.

రాజు కొయ్యబారిపోయాడు. మంత్రి రాజు మొహం చూడలేకపోయాడు. వరాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ పిల్లకి కంచమే కనపడింది మళ్ళీ.

కోటంతా వెతికారు. బావులు చూశారు. రాజు నెత్తి మీద కిరీటం ఎక్కడ పడిందో కూడా తెలియకుండా తిరుగుతున్నాడు. చివరికి పూలతోట అవతల, మాలలు కట్టే తాయారమ్మ పాకలోంచి నవ్వు వినపడింది. ఒంటి గది పాక. వంగి చూస్తే, తాయారమ్మా, పెద్ద రాణమ్మా ఎదురెదురుగా కూచుని మల్లెలు కడుతున్నారు. ఏడు నెలలుగా ఆవిడ అక్కడే ఉందిట. ఏడు నెలలర్రా.

రాజు గుమ్మంలోనే చతికిలబడి, నాకెందుకు చెప్పలేదమ్మా అన్నాడు. ఆవిడ పువ్వు మీద నుంచి కళ్ళు ఎత్తకుండా చెప్పింది. చెప్దామనే మూడు రోజులు నీ గుమ్మం ముందు నిలబడ్డాను నాయనా, మొదటి రోజు నిద్రలో ఉన్నావన్నారు, రెండో రోజు సభలో ఉన్నావన్నారు, మూడో రోజు నేనెవరని అడిగారు. "ఇక్కడ నేను తుమ్మితే తాయారమ్మ చిరంజీవ అంటుంది. అక్కడ తుమ్మితే పదిహేడు తలుపులు. ఎవరంటారు?"

రాజు వరాలు వైపు తిరిగి, నీకు ముందే తెలుసా అని అడిగాడు. తెలీదు బాబయ్యా, మా ఇంట్లో జరిగింది గనక అనుమానం వచ్చింది అని, కంచం సంగతీ, గొలుసు సంగతీ, తన చెయ్యి సంగతీ ఏదీ దాచకుండా చెప్పింది. పెద్ద రాణమ్మ వింటూ వింటూ ఆ ముళ్ళ చీర ఒళ్ళోకి తీసుకుంది. ఒక్కొక్క ముడినీ తడిమి, ఇదే కట్టుకుంటాను అంది.

అయితే ఇల్లు వెనక్కి ఇస్తావా అన్నాడు రాజు. అనగానే మంత్రికి గుండె ఆగింది, ఎందుకంటే చెయ్యి సంగతి అందరికీ తెలుసు. వరాలు, "వెనక్కి ఎందుకిస్తాను? మీరిచ్చింది మాదే. కాకపోతే కోసుకుంటాను. పెద్ద బట్ట కోసి చిన్న పంచెలు చేసుకోవడం మాకు అలవాటే" అంది. రెండు గదుల చొప్పున మధ్యలో గోడ కట్టి, ఒక్కో వాటాకి వీధిలోకి ఒక గుమ్మం పెడితే పది కుటుంబాలకి పది ఇళ్ళవుతాయి, మా వీధిలో వానకి మగ్గాలు తడిసేవాళ్ళు పదిమందీ ఉన్నారు అని లెక్క చెప్పింది. ఇరవై ఒకటో గది ఏం చేస్తావంటే, అందరి నూలూ అందులో పెట్టుకుంటాం, గొలుసు మాత్రం పీకేస్తాం, ఎలకల కోసం పిల్లిని పెంచుతాం అంది. మీ దగ్గర ఒకటుందిగా, అది వేటాడి తినడం నేర్చుకుంటే దానికీ మంచిదే అంది. రాజు ఏడుస్తూ ఏడుస్తూ నవ్వాడు.

చెయ్యి నరికే ఆజ్ఞ ఆ రోజే కొట్టేశాడు. పూజారిని పిలిపించి, జరిగిన తప్పుకి దణ్ణం పెట్టాడు. పోయిన చెయ్యి రాదనుకోండి. కానీ ఆయనకి గంట కొట్టడానికి మనిషిని ఇచ్చాడు.

లోగిట్లో పది కుటుంబాలు చేరాయి. వరాలు వాళ్ళు మాత్రం పాత రెండు గదుల ఇంటికే వెళ్ళిపోయారు. కోటలో రాజు పూలతోట పక్కనే మూడు గదుల పెంకుటిల్లు వేయించుకున్నాడు. కొలువంతా పెద్ద మేడలోనే, తిండీ పడకా మాత్రం ఇక్కడ. మొదటి రోజు తల్లీ కొడుకూ పక్కపక్కన పీటలేసుకుని అన్నానికి కూచున్నారు. నాలుగు ముద్దలయ్యాక తల్లి విసుక్కుంది. ఏంట్రా ఆ చప్పుడు, నోరు మూసుకుని నమలడం ఎవరూ చెప్పలేదా అంది. రాజు ముద్ద చేత్తో పట్టుకుని విస్తుపోయి చూశాడు. నలభై ఏళ్ళుగా చప్పుడు చేస్తూ తింటున్నాడు, ఒక్కడూ చెప్పలేదు. అంత దగ్గరగా కూచున్నవాళ్ళెవరు గనక?

కాబట్టి పిల్లలూ, పెద్దయ్యాక ఎంత ఇల్లయినా కట్టుకోండి, నేను వద్దనను. కట్టేముందు ఒక మూలన మీరు నిలబడండి, ఇంకో మూలన ఇంట్లో అందరికన్నా నీరసంగా ఉన్నవాళ్ళని నిలబెట్టి మిమ్మల్ని పిలవమనండి. ఆ పిలుపు వినపడినంత మేరకే గోడలు లేపండి. అంతకు మించి ఒక్క ఇటుక కూడా వద్దు.

కథేమో కంచి బండెక్కి వెళ్ళిపోయింది, మనం దుప్పట్లోకి వెళ్ళిపోదాం.

శేషూ. చిన్నమ్మడూ. పలకరేం?

సరేలే, ఊపిరి వినపడుతోంది. పడుకోండి.